శరత్తులో మిసిసిపీ గాలం

అమెరికాలో మిన్నెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రాల మధ్య చాలా దూరం వరకు మిసిసిపీ నదే సరిహద్దు. అక్టోబరులో ఒడ్డున చెట్లు ఎర్రబడగానే, రెడ్ వింగ్ పట్టణానికి ఎగువన 1938లో కట్టిన 3వ నంబరు ఆనకట్ట కింద గాలాల పడవలు బారులు తీరతాయి. వాటిలో కూర్చున్నవాళ్ల చూపంతా రెండు చేపల మీదే: వాలై, సాగర్. రెండో పేరు వినగానే మనకు నాగార్జునసాగర్ గుర్తొస్తుంది కానీ, సంబంధమేమీ లేదు!

రెండూ దగ్గరి చుట్టాలే. తోక కింది కొసన తెల్లమచ్చ ఉంటే వాలై. వీపు రెక్క విప్పగానే నల్లచుక్కల వరుసలు కనిపిస్తే సాగర్. టార్చి వేస్తే వీటి కళ్లు పిల్లికళ్లలా మెరుస్తాయి. కంటి వెనకపొర వెలుగును తిప్పికొడుతుంది. అందుకే మసకచీకట్లో వేట వీటికి తేలిక. బురదనీరు, లోతు అంటే సాగర్‌కు మరీ ఇష్టం.

నీరు చల్లబడేకొద్దీ ఇవి ఏటికి ఎదురీది ఆనకట్టల దిగువకు చేరి, చలికాలం ముందు బాగా మేస్తాయి. సీసపు గుండున్న గాలానికి చిన్నచేపను గుచ్చి, అడుగు తాకేదాకా వదిలి, జానెడు ఎత్తి మళ్లీ దించాలి. చల్లనీళ్లలో చేప పరుగెత్తదు, ఎర కూడా నింపాదిగానే కదలాలి.

అక్కడున్న మనవాళ్లకు ఒక్కమాట. 30 అడుగుల లోతునుంచి లాగితే చేప కడుపులోని గాలితిత్తి ఉబ్బిపోతుంది, తిరిగి వదిలినా బతకడం కష్టం. పట్టి వదిలేసే ఉద్దేశముంటే లోతు తక్కువ చోటే గాలం వేయండి. లైసెన్సు మరవకండి.