కిస్తీ అడిగే పని



ఇందాక నన్ను పరిచయం చేస్తూ, పేదలకు ఇళ్లు దానం చేసే మనిషినన్నారు. మా సంస్థ ఇప్పటిదాకా ఒక్క ఇల్లు కూడా దానం చేయలేదు. కట్టిస్తాం, ఆ తర్వాత నెలనెలా కిస్తీ వసూలు చేస్తాం. సివిల్ ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్ చదివి ఇవాళ పట్టాలు పుచ్చుకుంటున్న మీలో కొందరైనా ఇటు వస్తారన్న ఆశతో, ఆ కిస్తీ గురించే నాలుగు మాటలు చెబుతాను.

ఈ పద్ధతి మేం కనిపెట్టింది కాదు. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో అమెరికస్ అనే చిన్న పట్నం ఉంది. దాని దగ్గర 1942లో క్లారెన్స్ జోర్డాన్, మరికొందరు కలిసి కోయినోనియా అనే వ్యవసాయ క్షేత్రం పెట్టారు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే బల్ల దగ్గర భోంచేస్తే ఊరు భరించలేని రోజులవి. అలా చేసినందుకు వీళ్ల సరుకు కొనకుండా వెలివేశారు, కాల్పులు కూడా జరిగాయి. అలాంటి చోటికి మిలార్డ్ ఫుల్లర్ అనే లాయరు వచ్చారు. ముప్పై నిండకముందే కోటీశ్వరుడై, ఆ ఆస్తంతా పంచేసిన మనిషి. 1968లో వీళ్లు ఒక పథకం అల్లారు. చుట్టుపక్కల పాకల్లో బతుకుతున్న కూలీలకు ఇళ్లు కట్టాలి. లాభం వద్దు, వడ్డీ వద్దు, అసలు మాత్రం తిరిగి కట్టాలి. ఆ డబ్బుతో ఇంకొకరి ఇల్లు లేవాలి. ఇంటివాళ్లు కూడా పనిలో చెయ్యి వేయాలి. మరుసటేడే జోర్డాన్ కన్నుమూశారు. ఫుల్లర్ ఆఫ్రికాలోని జైర్‌కు వెళ్లి ఇదే పద్ధతిని అక్కడా నడిపి చూసి, 1976లో హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ స్థాపించారు. 1984లో మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ న్యూయార్క్‌లో సుత్తి పట్టుకున్నాకే ప్రపంచానికి ఆ పేరు తెలిసింది. అంతకు ఏడాది ముందే, 1983లో, ఆ సంస్థ మన దేశంలో పని మొదలుపెట్టింది. ఎక్కడనుకున్నారు? ఖమ్మంలో. చెబితే నా ఖమ్మం మిత్రులే నమ్మరు.

చందాలు వస్తున్నాయి కదా, ఊరికే ఇచ్చేయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. ఊరికే వచ్చిన ఇంట్లో శ్లాబు కారితే మనిషి నోరెత్తడు. ఇచ్చిందే ఎక్కువ, ఇంకేం అడుగుతాం అనుకుంటాడు. కిస్తీ కట్టే ఇల్లాలు అలా ఊరుకోదు. తలుపు పట్టడం లేదని, బాత్రూం నీళ్లు వెనక్కి తంతున్నాయని నేరుగా ఆఫీసుకొచ్చి మేనేజర్‌ని నిలదీస్తుంది. మా ఇంజనీర్లు పని నేర్చుకున్నది ఆ దబాయింపుల వల్లే. అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ 1969లో వచ్చి మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు తాను కట్టే ఇళ్లను ఆడవాళ్ల పేరునే పెడుతుంది. ఎందుకో నాకు ఎవరూ వివరించనక్కర్లేదు.

అయితే వడ్డీ లేని కిస్తీలో ఒక చిక్కుంది. సిమెంటు, ఇసుక, మేస్త్రీ కూలి ఏటా 7 శాతం పెరుగుతాయనుకోండి. పదేళ్ల సమాన కిస్తీల మీద 100 ఇళ్లిచ్చారు. ఒక్కరూ ఎగ్గొట్టలేదు, చివరి రూపాయి దాకా కట్టారు. ఆ డబ్బుతో మళ్లీ లేచేవి 72, 73 ఇళ్లే. మిగతా వాటి సొమ్ము ఎక్కడినుంచో తేవాలి. ఈ లెక్క దాతల ముందు దాచకుండా పెట్టగలిగినవాళ్లే ఈ సంస్థల్ని నడపగలరు. మంచి మనసు ఒక్కటే పెట్టుబడిగా నడిచి మూతపడ్డవి నేను చూశాను.

తెలంగాణ ప్రభుత్వం ఇందిరమ్మ పథకంలో ఇంటికి 5 లక్షలిస్తోంది, మధ్యలో మీరెందుకని ఇంకో ప్రశ్న. మంచి పథకమే. కానీ డబ్బు దశలవారీగా వస్తుంది. పునాది లేస్తేనే మొదటి బిల్లు. ఆ పునాదికి చేతిలో రూపాయి లేని కుటుంబం నూటికి మూడు రూపాయల వడ్డీకి పోతుంది, ఇల్లు పూర్తయ్యేసరికి అప్పులో ఉంటుంది. ఆ మొదటి రెండు నెలలకు చేబదులు సర్దే సంస్థ ఉంటే ఎంత తేడా వస్తుందో! ఇక సొంత జాగా లేనివాళ్ల సంగతి వేరే. చవగ్గా దొరికిందని వాళ్లకోసం ఊరికి ఇరవై కిలోమీటర్ల అవతల స్థలం కొంటే, పొద్దున్నే కూలీల అడ్డాకు చేరడానికే ఆటోలకు బోలెడవుతుంది. రెండు నెలలు చూసి తాళం వేసుకుని మళ్లీ బస్తీకే వెళ్లిపోతారు. ఎస్టిమేట్‌లో ఆ ఆటో చార్జీ ఎక్కడా కనపడదు, మీరే రాసుకోవాలి.

నాయకత్వం గురించి కూడా మాట్లాడమన్నారు. తాను పెట్టిన సంస్థ నుంచే ఫుల్లర్‌ను 2005లో బోర్డు తొలగించింది. ఒక మాజీ ఉద్యోగిని ఆయన మీద ఆరోపణ చేశారు, ఆయన కాదన్నారు, ఆధారాలు చాలవని బోర్డు తేల్చింది. ఆ తర్వాత బోర్డుతో నడిచిన రచ్చ ఆయన్ని బయటికి పంపేదాకా వెళ్లింది. న్యాయం ఎవరివైపుందో తేల్చడం నా వల్ల కాదు. వ్యవస్థాపకుణ్ణి ప్రశ్నించగల బోర్డు ఉండటం మాత్రం నాకు నచ్చింది. మన దగ్గర చాలా సంస్థల్లో బోర్డంటే బావమరిది, తోడల్లుడు, ఆడిటరూనూ. ఫుల్లర్ మరో సంస్థ పెట్టి 2009లో పోయేదాకా ఇళ్లు కట్టారు. పాత సంస్థా ఆగలేదు.

వెనక వరసల్లో కూర్చున్న అమ్మానాన్నలూ, ఈ పనిలో జీతమెంత అని మీరు అడుగుతారు, అడగాలి కూడా. బిల్డర్లిచ్చేదానికంటే తక్కువే. అలా తక్కువ కావడంలో దాతల బాధ్యత కొంత ఉంది. ఇంటి గోడ మీద పేరు రాయించుకోవడానికి ముందుకొచ్చేవాళ్లు, ఆ గోడ తూకంలో ఉందో లేదో చూసే ఇంజనీరు జీతానికి పైసా విదల్చరు. ఏటా వాళ్లతో ఆ బేరమాడటం నా ఉద్యోగంలో భాగం. ఈసారి ఇద్దరు సైట్ ఇంజనీర్లు, లెక్కలు చూసేవాళ్లు ఒకరు కావాలి. ఈసీ, అంటే స్థలం మీద లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, చదవడం వస్తే మరీ మంచిది. రాకపోతే రిజిస్ట్రేషన్ ఆఫీసు చుట్టూ తిప్పి మేమే నేర్పిస్తాం. సభ అయ్యాక షామియానా దగ్గరే ఉంటాను, వచ్చి మాట్లాడండి.