వంట గట్టు కొలత మన చేతిలో ఉండాలె



ఇప్పటిదాకా మాట్లాడిన అక్కలు పొదుపులు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి వాయిదాల గురించి మంచిగ చెప్పిండ్రు. మేము ఒక చిన్న ముచ్చట పట్టుకొచ్చినం. వంటింట్ల గట్టు మీద వేసే బండ ముచ్చట. ఇది మేస్త్రీల పని కదా, మనకెందుకు అని నవ్వకండి. నిరుడు మేము కూడ అట్లనే అనుకున్నం.

మన ఊర్లల్ల ఇప్పుడు ఎటు చూసినా కొత్త ఇండ్లు లేస్తున్నయి. ఇందిరమ్మ ఇండ్ల పథకం 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైంది. 5 లక్షల సాయం, ఇల్లు ఆడవాళ్ల పేరు మీద, కనీసం 400 చదరపు అడుగులు, అందులో వంటగది తప్పనిసరి. మన అమ్మలు నేల మీద కూసొని కట్టెల పొయ్యి ఊదిండ్రు. మనం నిలబడి గ్యాసు మీద వండుతున్నం. ఇంట్ల అందరికన్న ఎక్కువసేపు ఆ గట్టు ముందర నిలబడేది మనమే. కానీ గట్టు ఎంత ఎత్తు ఉండాలె, సింకు ఎక్కడ రావాలె అని మనల్ని ఎవరు అడిగిండ్రు?

మా సంఘంల ఒక చెల్లె సంఘం అప్పు తీసుకొని వంటిల్లు కట్టుకున్నది. రెండు గోడల వెంబడి మూల తిరిగే గట్టు. బండ వేసేటోళ్లు వచ్చి కంటితోనే అంచనా వేసి కోసిండ్రు. గోడ మూల సరిగ లేదు. అందుకని రెండు బండలు కలిసేచోట ఒక కొస దగ్గరికి వచ్చింది, ఇంకో కొస వేలు పట్టేంత సందు మిగిలింది. దాంట్ల తెల్ల సిమెంటు నింపి పోయిండ్రు. సింకు రంధ్రం ఆ అతుకు పక్కనే కోసిండ్రు. గృహప్రవేశానికి మేమందరం పోయి గట్టు బాగున్నదని మెచ్చుకొని వచ్చినోళ్లమే. రెండు నెలలకు సింకు మూల నుంచి అతుకు దాక పగులు వచ్చింది. నీళ్లు కారి కింద బియ్యం డబ్బా తడిసింది. సంఘం మీటింగ్‌ల ఆ చెల్లె కిస్తీ కట్టుకుంట, "పగిలిన బండకు కడుతున్న" అన్నది. ఆ రోజు మాకెవ్వరికీ మాట రాలేదు. తర్వాత ఆ పని తెలిసిన వాళ్లను అడిగి, దగ్గరుండి చూసి నేర్చుకున్నం. నేర్చుకున్నదే మీకు చెప్తున్నం.

మొదటిది బండ ఎంపిక. కడప నల్లబండ, తాండూరు బండ చౌక. కానీ అవి సున్నపురాయి జాతి. నిమ్మకాయ రసం, చింతపండు పులుసు పడి ఆరితే మచ్చ పోదు. గ్రానైట్‌కు ఆ బాధ తక్కువ. కరీంనగర్ టాన్ బ్రౌన్, చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ అని పేర్లు చెప్తరు. మెరుపు కన్న ముందు అడ్డంగ వెంట్రుక పగులు ఉన్నదా చూడాలె. నీళ్లు చల్లి తుడిస్తే, పగులు ఉన్నచోట తడి గీతలాగ కొంచెంసేపు నిలుస్తది.

రెండోది లెక్క. ఇది బాగ వినండి. ఒక గోడ వెంబడి 8 అడుగులు, ఇంకో గోడ వెంబడి 6 అడుగులు, వెడల్పు 2 అడుగులు అనుకుందాం. మామూలుగ 8, 6 కలిపి 14, దాన్ని 2తో గుణించి 28 చదరపు అడుగులు అంటరు. తప్పు. మూలను రెండుసార్లు లెక్క పెట్టినట్టు అయితది. 8ని 2తో గుణిస్తే 16. రెండో గోడకు మూల తీసేస్తే మిగిలేది 4 అడుగులే, దాన్ని 2తో గుణిస్తే 8. మొత్తం 24. 4 చదరపు అడుగులు తేడా. ముందు అంచు గుండ్రంగ చేసి పాలిష్ పట్టే పనికి అడుగు లెక్కన తీసుకుంటరు. అది కూడ 14 అడుగులు కాదు, 6, 4 కలిపి 10 అడుగులే. గట్టు కొస గోడకు తగలకుండ బయటికి ఉంటే దానికి ఇంకో 2 అడుగులు. కోతల పోయే ముక్కలకు కొంత ఎక్కువ బండ కొనవలసి వస్తది, అది న్యాయమే. కానీ ఎంత పోయింది, ఎందుకు పోయింది అని అడిగే హక్కు మనకున్నది.

మూడోది మూల. గోడ మూల నుంచి ఒకవైపు 3 అడుగులకు, ఇంకోవైపు 4 అడుగులకు గీత పెట్టండి. ఆ రెండు గీతల మధ్య టేపు పట్టండి. సరిగ్గ 5 అడుగులు వస్తే మూల సరిగ ఉన్నట్టు. ఎక్కువ తక్కువ వస్తే మూల తప్పినట్టు. అప్పుడు గోడను కూల్చవలసిన పని లేదు. గోడ ఎట్లుంటే బండను అట్ల కోయాలె.

ఎట్ల కోయాలె? మనలో చాలామందికి కుట్టుమిషన్ వచ్చు. జాకెట్టు కుట్టేముందు గుడ్డను కత్తిరిస్తమా, పేపర్ కటింగ్ చేస్తమా? గుడ్డ తప్పు పోతే అతుకు వేసుకోవచ్చు, బండ తప్పు పోతే పోయినట్టే. అందుకని ఫ్రిజ్ డబ్బా అట్టలు పరిచి, గోడ వంకర ఎట్లుంటే అట్ల కత్తిరించి అచ్చు చేయండి. సింకు ఎక్కడ, అతుకు ఎక్కడ అన్నది దాని మీదనే గీయండి. ఆ అచ్చును బండ మీద పెట్టి గీత గీయమనండి. మా సభ్యురాలి మరిది దుబాయ్‌ల కార్పెంటర్ పని చేసి వచ్చిండు. అక్కడ గట్టుకు చెక్క పలకలు వాడితే రూటర్ అనే మిషన్‌తో కోస్తరట. దాన్ని ఉత్త చేతితో నడపరు. జిగ్ అనే అచ్చును పలక మీద బిగించి, దాని అంచు వెంబడే నడుపుతరు. రెండు పలకలు కలిసేచోట జిగురు పెట్టి, కింద నుంచి బోల్టులతో దగ్గరికి గుంజుతరు. అంత చేయి తిరిగినోళ్లే అచ్చు లేకుండ కోయనప్పుడు, మన ఊర్ల కంటి అంచనాతో ఎందుకు కోయాలె?

నాలుగోది అతుకు, సింకు. అతుకు కింద గోడ గానీ నిలువు బండ గానీ ఆధారం తప్పక ఉండాలె. అతుకుకూ సింకుకూ మధ్య కనీసం జానెడు దూరం పెట్టించండి. సింకు రంధ్రానికి ముందు నాలుగు మూలల గుండ్రంగ డ్రిల్ చేసి, తర్వాత గీతల వెంబడి కోయాలె. కత్తి గీత మూల దాటి ముందుకు పోతే అక్కడి నుంచే పగులు పుడతది. కోసిన బండను పడుకోబెట్టి మోయొద్దు, అద్దం లాగ నిలబెట్టి మోయాలె. అంచులు కడిగి ఆరబెట్టి, రంగు కలిపిన ఎరాల్డైట్‌తో అతికించి, ఒక రోజు దాని జోలికి పోవద్దు. ఎత్తు సంగతి: మనం నిలబడి మోచేయి మడిస్తే, గట్టు మోచేతి కన్న 4 అంగుళాలు కిందికి ఉండాలె. మేస్త్రీ చేయి కాదు, వండేటామె చేయి కొలవాలె.

ఐదోది అన్నిటికన్న పెద్దది, దుమ్ము. గ్రానైట్ పొడిగ కోస్తే లేచే తెల్ల దుమ్ముల సిలికా ఉంటది. కంటికి ఆనని సన్న దుమ్ము ఊపిరితిత్తులల్ల చేరి సిలికోసిస్ అనే జబ్బు తెస్తది. ఏండ్ల తరబడి ఆ దుమ్ముల పనిచేసేటోళ్లకు వస్తది. వచ్చిందంటే నయం చేసే మందు లేదు. కృత్రిమ క్వార్ట్జ్ బండల్ల సిలికా ఇంకా ఎక్కువ. వాటిని కోసిన కూలీలకు ఈ జబ్బు వస్తున్నదని ఆస్ట్రేలియా దేశం 2024 జులై 1 నుంచి ఆ బండలనే నిషేధించింది. బండ కోసే పిల్లగాడు ఎవరి కొడుకో, ఎవరి తమ్ముడో. మన గట్టు అందంగ ఉండాలని వాని ఊపిరి తీయొద్దు. కోత ఇంట్ల కాదు, బయట చేయించండి. కత్తి మీద నీళ్లు పడుకుంట కోయాలె. నీళ్లు, కరెంటు ఒక్కచోట ఉంటయి కాబట్టి అతుకుల వైరు వద్దు, మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తింగ్ ఉండాలె. మూతికి రుమాలు, కొంగు సరిపోవు, ఎన్95 మాస్కు కావాలె. చిన్న పిల్లలను అటు రానీయొద్దు. పని అయినంక మనం చేసే తప్పు ఒకటున్నది. చీపురు పట్టుకొని పొడిగ ఊడుస్తం, దుమ్మంత మళ్ల లేచి మన ముక్కులకే వస్తది. నీళ్లు చల్లి, తడిబట్టతో తుడవండి.

మా విన్నపం ఒకటే. ప్రతి గ్రామైక్య సంఘం ఒక టేపు, ఒక మూలమట్టం, కొన్ని మాస్కులు కొని పెట్టాలె. ఇల్లు కడుతున్న సభ్యురాలికి ఇచ్చి, పని అయినంక తీసుకోవాలె. పంచసూత్రాలల్ల పుస్తకాలు రాసుడు ఒకటి కదా. బండ కొలత, రేటు, ఇచ్చిన అడ్వాన్సు కూడ ఒక కాగితం మీద రాసి, మేస్త్రీతో సంతకం పెట్టించుకోండి.

ఆ చెల్లె బండ మార్చే స్తోమత ఇంకా రాలేదు. పగులు కింద ఇటుకలు కట్టి, సందు నింపి వాడుకుంటున్నది. కిస్తీలు ఇంకా ఉన్నయి. కానీ మొన్న పక్కింటామె గట్టు వేస్తుంటే, ఎవరూ పిలవకముందే టేపు పట్టుకొని పోయింది. అట్ట అచ్చు తనే కత్తిరించింది. మేస్త్రీ మొదలు గొణిగిండు, తర్వాత ఆ అచ్చు పెట్టుకొనే కోసిండు. అతుకు ఎక్కడున్నదో వేలు పెట్టి వెతుక్కోవలసి వచ్చింది.