రోముకు ఐదు రోజులు, లేపాక్షికి రెండు గంటలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వెనక వరుసలో గుసగుసలాడుతున్న 1986 పదో తరగతి బ్యాచ్ మిత్రులకు ప్రత్యేక నమస్కారం. మీరు అప్పుడూ అక్కడే కూర్చునేవాళ్లు.

నిర్వాహకులు నన్ను "ఇంజనీరుగా నీ అనుభవాలు చెప్పు" అన్నారు. ముప్పై ఏళ్ల ఉద్యోగం గురించి చెబితే మీకు నిద్ర వస్తుంది. అందుకని 2024 సెప్టెంబరులో మా బ్యాచ్ నాలుగు జంటలం రోము నగరానికి వెళ్లిన సంగతి చెబుతాను. ఇది యాత్రా వర్ణన కాదు. ప్రయాణం ఎట్లా కుదిరింది, ఎక్కడ తప్పు చేశాము, తిరిగి వచ్చాక మన ఊరి గురించి ఏమి తెలిసింది అన్నదే నా మాట.

ఆలోచన మొదట వచ్చింది 2021లో. కరోనా రెండో అల తగ్గిన కొత్తలో ఫోన్లో మాట్లాడుకుంటూ, బతికి బయటపడ్డాం కదా, భార్యలతో కలిసి ఒక్కసారి ఎక్కడికైనా పోదామనుకున్నాం. అమెరికాలో ఉన్న మిత్రుడు వారంలోనే ప్యాకేజీ వివరాలు పంపాడు. జంటకు ఎనిమిది లక్షలు. మేము ముగ్గురం "సరే" అన్నాం. హిందూపురం దగ్గర బడిలో పాఠాలు చెప్పే మా నాలుగో మిత్రుడు రెండు రోజులు జవాబు ఇవ్వలేదు. మూడో రోజు, "మా ఇంటామెకు మోకాళ్ల నొప్పులురా, మీరు పోయి రండి" అన్నాడు.

మేము నమ్మాం. నమ్మడం సులువు కదా! అసలు సంగతి ఆయన భార్య మా ఆవిడతో చెప్పింది. మోకాళ్లు బాగానే ఉన్నాయి, కూతురి పెళ్లి అప్పు తీరలేదు. ఒకే బెంచీ మీద ఐదేళ్లు కూర్చున్న వాడు మాతో ఆ మాట చెప్పుకోలేకపోయాడంటే తప్పు వాడిది కాదు. ఎనిమిది లక్షల అంకె రాసి పంపి, ఎవరికి ఎంత వీలవుతుందని ఒక్కరం కూడా అడగలేదు.

అప్పుడు మళ్లీ మొదటి నుంచి లెక్క వేశాం. ఈసారి అందరికన్నా తక్కువ వీలున్న వాడు ఎంత పెట్టగలడో అదే మా హద్దు. నెలకు పదివేలు, 36 నెలలు. పాట లేని చీటీ అనుకోండి. ఎవరి పేరున వాళ్లు బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ కట్టుకున్నాం. మూడేళ్లకు జంటకు 3 లక్షల 60 వేలు, పైన వడ్డీ. అమెరికా వాడు గొణిగాడు గానీ కట్టాడు. హోటలు మానేసి టెర్మినీ రైల్వే స్టేషనుకు నడిచి వెళ్లేంత దూరంలో వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఎనిమిది మందికి ఒకే పొయ్యి. పెట్టెల్లో రాగి పిండి, చెనక్కాయల పొడి, ఊరగాయ. రోములో మూడు రాత్రులు సంగటి తిన్నాం. దాన్ని తలుచుకున్నంతగా మా వాళ్లు పిజ్జాను తలుచుకోవడం లేదు.

జంటలుగా పోవాలనుకునే వాళ్లకు పనికొచ్చే నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది కాగితాలు. ఇటలీకి షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 15 రోజుల ముందు చేయాలి గానీ అంతవరకు ఆగితే చిక్కే. మేము వెళ్లినప్పుడు రుసుము మనిషికి 90 యూరోలు. కనీసం 30 వేల యూరోల వరకు వైద్య ఖర్చులకు వర్తించే ప్రయాణ బీమా ఉండాలి. మన తెలుగు వాళ్లకు అసలు చిక్కు ఇంటిపేరుతో వస్తుంది. పదో తరగతి సర్టిఫికెట్లో పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, బ్యాంకులో మరో రకం. మా ఆవిడకైతే పెళ్లికి ముందు పేరు ఒకచోట, తర్వాతి పేరు ఒకచోట. వీటిని సరిచేయడానికే నాలుగు నెలలు పట్టింది. ప్రభుత్వ ఉద్యోగులు శాఖ నుంచి ముందస్తు అనుమతి తెచ్చుకోవాలి. మా ఉపాధ్యాయ మిత్రుడు ఆ కాగితం కోసం తిరిగిన దూరం కలిపితే రోము సగం దూరం వచ్చేదేమో!

రెండోది ముందే కొనాల్సిన టికెట్లు. రోములో పెద్ద చోట్లకు సమయం వేసిన టికెట్టు ఉంటుంది. కొలోసియం టికెట్టు మీద మనిషి పేరు ఉంటుంది, ద్వారం దగ్గర పాస్‌పోర్టుతో సరిచూస్తారు. బొర్గేసే గ్యాలరీలో విడతకు రెండు గంటలే, సోమవారం సెలవు. వాటికన్ మ్యూజియాలు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూసి ఉంటాయి. చర్చిలోకి భుజాలు, మోకాళ్లు కప్పుకొని పోవాలి. ఆ విషయంలో మన ఆడవాళ్లకు ఏ ఇబ్బందీ రాలేదు. నిక్కరు వేసుకొచ్చిన అమెరికా మిత్రుణ్ణే వెనక్కి పంపారు.

మూడోది నేను చేసిన తప్పు. ఇంజనీరును కదా, ఎక్సెల్ షీట్ తయారుచేశాను. ఐదు రోజులు, 23 చోట్లు, ఒక్కోదానికి నిమిషాల లెక్క. గర్వంగా అందరికీ చూపించాను. అందరూ బాగుందన్నారు. మా ఉపాధ్యాయ మిత్రుడి భార్య మాత్రం కాసేపు దాన్నే చూసి, "అన్నా, ఇందులో కూర్చునేది యాడ?" అని అడిగింది.

ఆ ఒక్క ప్రశ్నతో నా పథకం కూలిపోయింది. యాభై దాటిన మోకాళ్లకు రోము రాతి బాటల మీద రోజుకు పది కిలోమీటర్లు చాలా ఎక్కువ. చివరికి రోజుకు ఒక్క పెద్ద చోటు, అదీ ఉదయం పూట అనుకున్నాం. మధ్యాహ్నం ఇంటికి వచ్చి నడుం వాల్చడం, సాయంత్రం ఊరికే వీధుల్లో తిరగడం. 23 కాస్తా 9 అయ్యాయి. ఆ తొమ్మిదీ ఇప్పటికీ కళ్లముందు ఉన్నాయి.

నాలుగోది, ఒక రోజు విడిపోవాలి. ఎనిమిది మంది కలిసి తిరిగితే మగవాళ్లు ఒక గుంపు, ఆడవాళ్లు ఒక గుంపు అవుతారు. పెళ్లిళ్లలో మనం చూసేదే. అందుకని నాలుగో రోజు ఏ జంటకు ఆ జంట, ఒకరికొకరు ఫోన్ కూడా చేసుకోకూడదని నియమం పెట్టుకున్నాం. 27 ఏళ్ల కాపురంలో పిల్లల చదువు, బోరుబావి, అప్పు, ఆసుపత్రి ఏదీ మాట్లాడకుండా మేమిద్దరం పూర్తి రోజు గడపడం అదే మొదలు. మొదటి గంట ఏం మాట్లాడాలో తోచలేదు. తర్వాత ఫరవాలేదు.

ఇక ఇంజనీరుగా నేను చూసినవి రెండు చెబుతాను. పాంథియన్ అనే పాత గుడి గుమ్మటం వ్యాసం 43 మీటర్ల పైచిలుకు. సుమారు 1900 ఏళ్ల కిందటిది. ఇనుప కడ్డీ లేకుండా వట్టి కాంక్రీటుతో కట్టారు. పైకి పోయే కొద్దీ బరువు తగ్గేట్టు తేలికైన అగ్నిపర్వత రాయి కలిపారు. నడినెత్తిన పెద్ద రంధ్రం. వాన పడితే లోపలికే పడుతుంది, నేలలోని చిన్న బెజ్జాల గుండా పోతుంది.

రెండోది నీళ్లు. మనం అనంతపురం పీఠభూమి వాళ్లం. ఏటా 550 మిల్లీమీటర్ల వాన, అది కూడా నమ్మకం లేదు. హంద్రీ-నీవా నీళ్ల కోసం మన పెద్దలు ఎన్నేళ్లు ఎదురుచూశారో మీకు తెలుసు. పురాతన రోముకు 11 కాలువల ద్వారా దూరం నుంచి నీళ్లు వచ్చేవి. ఒక కాలువ 69 కిలోమీటర్ల పొడవు. పంపులు లేవు, వాలు మీదే పారేది. క్రీ.పూ. 19లో అగ్రిప్పా కట్టించిన కాలువ పలుమార్లు బాగుచేసుకుంటూ వచ్చి, నేటికీ ట్రెవీ ఫౌంటెన్‌కు నీళ్లు ఇస్తోంది. ఊరంతా రెండు వేలకు పైగా వీధి కొళాయిలు. వాటినుంచి చల్లటి తాగునీళ్లు ఎప్పుడూ పారుతూనే ఉంటాయి. మా ఆవిడ మొదటి రోజు ఒక కొళాయి దగ్గర ఆగి, దాన్ని కట్టేయడానికి మర ఎక్కడుందా అని వెతికింది. కరువు సీమ మనిషి చెయ్యి కదా!

ఇక అసలు మాటకు వస్తాను. మూడో రోజు సిస్టీన్ చాపెల్‌లో నిలబడ్డాం. కప్పు మీద బొమ్మలు మైకెలాంజెలో 1508 నుంచి 1512 వరకు వేశాడు. ఎదుటి గోడ మీది తుది తీర్పు చిత్రం 1536 నుంచి 1541 దాకా. జనం మెడలు విరిగేట్టు పైకి చూస్తున్నారు. బయటికి వచ్చాక మా ఆవిడ అడిగింది: "ఏమండీ, మీ ఊరి గుడిలో కప్పు మీద కూడా బొమ్మలు ఉన్నాయి కదా? పెళ్లయినప్పటి నుంచి పదిసార్లయినా వచ్చుంటాను. టెంకాయ కొట్టి, వేలాడే స్తంభం కింద గుడ్డ లాగి, నంది ముందు ఫోటో దిగి కారెక్కడమే. ఎన్నడైనా తల పైకెత్తి చూపించారా?"

నా దగ్గర జవాబు లేదు. రాత్రి కూర్చుని సంవత్సరాలు లెక్కేశాను. విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు మన వీరభద్రాలయం కట్టించింది అచ్యుతదేవరాయల కాలంలో. ఆయన ఏలుబడి 1529 నుంచి 1542. అంటే మైకెలాంజెలో ఆ గోడ ముందు పరంజా ఎక్కిన కాలమూ, కూర్మశైలం మీద మన కళాకారులు పరంజా ఎక్కిన కాలమూ దాదాపు ఒకటే. ఆయన పేరు లోకమంతటికీ తెలుసు. మన వాళ్ల పేర్లు మనకే తెలియవు. ఆయన బొమ్మల కోసం మూడేళ్లు చీటీ కట్టి పోయాను. ఇవి నేను చదువుకున్న బడికి నడిచి వచ్చే దూరంలో ఉన్నాయి.

తిరిగి వచ్చాక దీపావళికి నాలుగు జంటలం లేపాక్షిలో రెండు రోజులు ఉన్నాం. అదే నియమం: పూటకు ఒక్కటి, కూర్చోవడానికి చోటు. మొదటి ఉదయం ఎండ ఎక్కకముందే నంది, పొద్దు వాలాక కల్యాణ మండపం. రెండో ఉదయం పూర్తిగా కప్పు చిత్రాలే. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, మనునీతి చోళుని కథ. మగవాళ్లం కథలు వెతుకుతుంటే ఆడవాళ్లు బొమ్మల చీరల అంచులు చూస్తూ, ఏ కొంగు ఏ నేతకు దగ్గరో వాదులాడుకున్నారు. మధ్యాహ్నమైంది, ఎవరూ కదల్లేదు. వేలాడే స్తంభాన్ని బ్రిటిష్ కాలపు ఇంజనీరు ఒకాయన కదిలించబోయాడని మన ఊళ్లో చెప్పే కథ ఉంది కదా, మా వృత్తి పరువు తీసే ఆ కథను నేనే అందరికీ చెప్పాను.

ఆ రెండు రోజుల్లో ఎన్నో కార్లు బెంగళూరు నుంచి వచ్చాయి. ఒక్కోటి రెండు గంటలు ఆగి వెళ్లిపోయింది. వాళ్లను తప్పుపట్టను, నేనూ అట్లాగే చేసినవాణ్ణి. కానీ రోము నుంచి ఒక జంట మన ఊరికి వస్తే, రెండు రోజులు ఉండమని చెప్పడానికి మన దగ్గర ఏముంది? 2022లో మన గుడి, నంది యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. అసలు జాబితా సంగతి పెద్దలు చూసుకుంటారు. మన సంఘం చేయగలిగినవి మూడు ఉన్నాయి.

ఒకటి, ఏటా మన బడి పిల్లలు పదిమందికి కప్పు చిత్రాల కథలు, శిల్పాల వివరాలు నేర్పించడం. తెలుగు, కన్నడ, ఇంగ్లీషు మూడింటిలో చెప్పగలగాలి. రెండు, ఒకే కాగితం మీద రెండు రోజుల పథకం అచ్చు వేయడం. ఏ పూట ఏది చూడాలి, ఎక్కడ కూర్చోవాలి, పెనుకొండకు ఎప్పుడు బయలుదేరాలి అన్నీ అందులో ఉండాలి. మూడు, పురావస్తు శాఖ అనుమతితో, గుడి ఆవరణ బయట, నాలుగు బెంచీలు, ఒక మంచి తాగునీటి కొళాయి. దానికి మర మాత్రం తప్పకుండా పెడదాం.

ఖర్చు గురించి బెంగ వద్దు. మా నాలుగు జంటలం మళ్లీ నెల నెలా కట్టడం మొదలుపెట్టాం. ఈసారి ఎవరు ఎంత కట్టగలరో ముందే అడిగాం. మీలో చేరదలచిన వాళ్లు సభ అయ్యాక మా ఉపాధ్యాయ మిత్రుడికి పేరు ఇవ్వండి. లెక్క పుస్తకం వాడి దగ్గరే ఉంది.

రేపు ఉదయం ఆరు గంటలకు నంది దగ్గర కలుద్దాం. మీ ఇంట్లో వాళ్లనూ తీసుకురండి. కారు దూరంగా ఆపి, నెమ్మదిగా నడిచి రండి.

సెలవు.