పండుగప్ప గాలమునకు తగిన దారము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఉద్దానపు తీరమున బుట్టినవారికి గాలమునుగూర్చి చెప్పబూనుట తాతకు దగ్గులు నేర్పుట వంటిదే. అయినను కార్యదర్శిగారు మాకీ విషయము నప్పగించుటకు కారణమున్నది. బారువ మొదలు భావనపాడు వఱకు మన పడుచువాండ్రు కొందఱు రీలుకఱ్ఱలు గొని, మెత్తని ప్లాస్టికు ఎరలతో పండుగప్పకై ఏటిమొగలయందు నిలుచుచున్నారు. దాతలు కొందఱు ఈ యేడు అట్టి సామగ్రిని యువకులకు బహుమతిగా నిత్తుమనుచున్నారు. వారి యుద్దేశము మిక్కిలి మంచిది. 2018 నవంబరులో గుజరాతు తీరమునుండి వేటకు బోయి పాకిస్తానువారికి చిక్కిన మన ప్రాంతపువారిలో 20 మంది 2020 జనవరిలో గాని స్వదేశము చేరరైరి. ఇంటివద్దనే నాలుగు చేపలు దొరకు త్రోవ యేదైనను మనకు ప్రియమే. కాని ఎర యేది, కఱ్ఱ యేది యని అడుగువారే గాని దారమునుగూర్చి యడుగువారు కానరారు.

ఈ మెత్తని ఎర మనది కాదు. అమెరికాలో ఆక్రను పట్టణమున నిక్ క్రీమ్ అను నాతడు 1949లో వానపామును బోలిన ప్లాస్టికు ఎరను చేసెను. అది అచ్చటి మంచినీటి బాసు చేపకై పుట్టినది. మన పండుగప్పను ఆంగ్లమున ఆసియా సీబాసు అందురు. ఇదియు ఆ యెరను మింగుచున్నది. సీసపు తలతో గూడ ఆ యెర సాధారణముగ రెండు మూడు తులములకు మించదు. మోటు దారమునకు గట్టిన యెడల దూరము పోదు, గాలికి వంగును, అడుగున బురద తగిలినదో చేప ముట్టినదో చేతికి తెలియదు.

పూర్వము మనవారు నూలు, జనుము దారములను వాడెడివారు. నూలుదారము తడిసిన కొలది బలియును గాని త్వరగా కుళ్లును. కరోథర్సు అను రసాయనశాస్త్రజ్ఞుడు 1935లో నైలానును కనిపెట్టిన పిమ్మట కుళ్లుబాధ తీరెను. అయితే నైలాను తడిసిన కొంత బలము కోల్పోవును. ఎండలో బడియుండిన పెళుసెక్కును. సాగు గుణము గలదగుటచే చేప లాగినపుడు ఓర్చుకొనును గాని, దూరపు స్పర్శను మందగింపజేయును. పాలిథిలీను పోగులతో నల్లిన దారము సాగదు, అదే బలమున నైలానులో ఇంచుమించు సగము లావుండును, నీటికంటె తేలిక. మెత్తని యెరకు ఇదియే యుత్తమమని యువకులు చెప్పుమాట నిజమే. కాని యది సగము నిజము.

గత వర్షాకాలమున భావనపాడు మొగలో మేము 30 పౌనుల అల్లిక దారమును తిన్నగా ఎరకే గట్టి విసరితిమి. పండుగప్ప తగిలి రెండుమార్లు ఎగసి తల విదిలించెను. దారము వదులై వచ్చెను; కొనను జూడగా కత్తితో గోసినట్లుండెను. ప్రక్కనున్న వృద్ధుడొకడు "కోనానికి తీగ కట్టకుండా గాలమేస్తావేటి బాబూ? దీనికీ అంతే" యనెను. మాకు సిగ్గు కలిగెను. పండుగప్ప నోరు ఆకురాయివంటిది, చెంపరేకు వాదర గలది. అల్లిక దారము ఎంత బలమైనదైనను రాపిడి కోర్వదు. ఆలిచిప్పల రాయికి సైతము తెగును.

కావున దారము ఒకటి కాదు, రెండు. రీలుమీద 20 పౌనుల అల్లిక దారము, దాని చివర ఒక బారెడు 40 పౌనుల మోటు దారము. ఈ బారెడు నైలానైనను కావచ్చును, ఫ్లోరోకార్బనైనను కావచ్చును. ఫ్లోరోకార్బను నీటిలో అంతగా కనబడదు, నీరు పీల్చదు, మునుగును, వెల యెక్కువ. శీతకాలపు తేట నీటికి అది తగును. వానకాలపు ఎఱ్ఱనీటిలో చేపకు గనబడకుండుటకై సొమ్ము వెచ్చించుట వ్యర్థమని మా యభిప్రాయము, నైలాను చాలును. కోనాము, సావిడి తిరుగు చోట మాత్రము ఈ రెండును పనికిరావు, తీగయే శరణ్యము.

ఇక మేము ముఖ్యముగా హెచ్చరింపవలసినది వేఱొకటి కలదు. రీలు లేక చేతితో లాగువారు అల్లిక దారమును ముట్టరాదు. మా బంధువులలో నొక బాలుడు కఱ్ఱ విరుగగా దారమును చేతికి జుట్టుకొని లాగెను. రెండు వ్రేళ్లు ఎముకవఱకు తెగెను. నెల దినములు తెడ్డు పట్టలేదు, వల అల్లలేదు. చేతిగాలమునకు మోటు నైలానే తగినది. దాతలు రీలు ఇచ్చునపుడు దానితో నొక జత చేతితొడుగులు గూడ నిచ్చిన మేలు.

ముడి వేసినపుడు ఉమ్మితో తడిపి మెల్లగా బిగింపుడు. పొడిగా లాగిన రాపిడి వేడికి నైలాను చెడును. రెండు దారములను గలుపు ముడి సన్నముగ నుండవలెను, లేనిచో కఱ్ఱ కన్నములలో తట్టుకొనును. నున్నని రీలుపై అల్లిక దారము జారును గనుక అడుగున కొన్ని చుట్లు నైలాను చుట్టుడు.

తెగిన ముక్కలను ఇసుకలో వదలకుడు. ఇవి నూలువలె కుళ్లునవి కావు. మన యిసుకలో గ్రుడ్లిడ వచ్చు తాబేళ్లకును, తేలినీలాపురపు గూడబాతులకును ఉరియగును. జేబులో వేసికొని యింటికి దెండు.

ఏప్రిల్ 15 మొదలు జూను 14 వఱకు మరపడవలకు వేట నిషిద్ధము గదా. ఆ దినములలో మొగవద్ద గాలము వేయువారు పెరుగుదురు. అంతకుముందే సామగ్రి చేరునట్లు దాతలు చూడ ప్రార్థన. రెండు దారముల ముడిని నేర్వగోరువారు భోజనానంతరము పందిరి తూర్పువైపునకు రండు, దారము తెచ్చితిమి.