ఖాళీ గనులు, ఖాళీ కాని ఊళ్లు



అణు వ్యర్థాల సంగతి సంఘానికి ఎందుకు అని కొందరు అడుగుతుంటారు. కోలారు బంగారు గనుల ప్రజలకు ఆ సంగతి 2012 నవంబరులో ఇంటి గుమ్మం దాకా వచ్చింది. కూడంకుళం అణు విద్యుత్ కేంద్రంపై సుప్రీంకోర్టులో వాదనలు జరుగుతుండగా, అక్కడి వ్యర్థాలను మూతపడిన కోలారు గనుల్లో ఉంచే ఆలోచన ఉందని కేంద్రం తరఫున చెప్పారు. జనం వీధుల్లోకి వచ్చారు, బంద్ చేశారు. కొద్ది రోజులకే అలాంటి ఉద్దేశం లేదని కేంద్రం ప్రకటించింది.

మరి ఇప్పుడెందుకు ఈ మాట? వ్యర్థం ఎక్కడికీ పోలేదు గనుక. వాడిన అణు ఇంధనంలోని ప్లుటోనియం-239 సగానికి తగ్గడానికే సుమారు 24 వేల ఏళ్లు పడుతుంది. శాశ్వత భూగర్భ నిల్వ కేంద్రాన్ని త్వరగా ఏర్పాటు చేయాలని 2013 మే నెల తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఏదో ఒక రోజు, ఏదో ఒక ఊరి వంతు వస్తుంది.

కోలారు పేరే ఎందుకు వచ్చింది? పైనుంచి చూసేవారికి అది ఖాళీ గొయ్యి. నూట ఇరవై ఏళ్లు అక్కడి కార్మికులు మూడు కిలోమీటర్ల లోతుకు దిగి బంగారం తీశారు. ఊపిరితిత్తుల్లో రాతిధూళి నింపుకున్నారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. బంగారం వెళ్లిపోయింది, సయనైడ్ దిబ్బలు మిగిలాయి. పంపులు ఆగి గనుల్లోకి నీరు చేరింది. పిల్లలు కూలికీ కొలువుకీ రోజూ రైలెక్కి బెంగళూరు పోతున్నారు. సంపద తోడుకున్న చోటే విషం దాచాలనుకోవడం ఏ న్యాయం?

నష్టానికి లీకే కానక్కరలేదు. 'వ్యర్థాల ఊరు' అని పేరు పడితే చాలు. ఆ ఊరి టమాటా, పాలు కొనేవాడు వెనకాడతాడు. పొలం ధర పడిపోతుంది. పిల్లనిచ్చేవారు ఆలోచిస్తారు. పేరు పడటం అంటే ఏమిటో అంటరానితనం అనుభవించిన మన పెద్దలకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఇక ఉద్యోగాలంటారా? నిల్వ కేంద్రానికి కావలసింది కొద్దిమంది నిపుణులు, కాపలాదారులు. ఊరంతటికీ అక్కడ పని దొరకదు.

కరెంటు మనమందరం వాడుకుంటున్నాం. అందుకే దాని బరువు బలహీనుల నెత్తిన పెట్టి మనం చేతులు కడుక్కోలేం. నాబోతు ద్రాక్షతోటకు వెల ఇస్తానన్నాడు అహాబు. కాదనే హక్కు నాబోతుకు ఉందని మాత్రం ఒప్పుకోలేకపోయాడు.

మనం అడగవలసినవి మూడు. స్థలం ఖాయం చేయకముందే గ్రామసభలో, ఆ ఊరి భాషలో, అన్ని వివరాలూ చెప్పాలి. అక్కడి నీటినీ ప్రజల ఆరోగ్యాన్నీ ముందుగానే స్వతంత్రంగా పరీక్షించి, ఫలితాలు బయటపెట్టాలి. ఊరు వద్దంటే ఆ మాటకు విలువ ఉండాలి.

యౌవనస్తులారా, మీ పంచాయతీకి వచ్చే కాగితాలు చదవండి. చదవలేని పెద్దలకు చదివి వినిపించండి. ఇదీ సంఘ పరిచర్యే.