గని నీళ్లు ఎటు పోతాయి?



గ్రామసభకు క్వారీ కాగితం వస్తే మనవాళ్లు రెండే అడుగుతారు. ఉద్యోగాలెన్ని, పరిహారమెంత. తమ్ముడూ, చెల్లీ, ఈసారి మూడోది అడగండి: వానాకాలంలో గని నీళ్లు ఎటు పోతాయి?

గోస్తనీ మన అనంతగిరి కొండల్లోనే పుడుతుంది. తవ్విన మట్టిని వాలు మీద పోస్తే పెద్ద వానకి గెడ్డలోకి దిగుద్ది, గెడ్డ నుంచి మడిలోకి. మేటేసిన మడిని మళ్లీ నాటుకి తేవడం ఎంత కష్టమో మీకు నేను చెప్పాలా?

ఆపడం తెలీని విద్యేం కాదు. పైనీరు గనిలోకి రాకుండా చుట్టూ కాలువ. కాగితాల్లో గార్లాండ్ డ్రెయిన్ అంటారు. మట్టికుప్ప కింద రాతిగోడ. గని నీటిని నిలబెట్టి మట్టిని అడుక్కి దిగనిచ్చే చెరువు. మోసమంతా ఆ చెరువు దగ్గరే. తవ్వి ఫొటో తీస్తారు, పూడిక మాత్రం తీయరు. పూడిన చెరువులో నీరు నిలవదు, బురదతోనే కిందికి పోతుంది. జూన్ రాకముందే పూడిక తీశారా, ఆ మట్టి ఎక్కడ పోశారు? ఇదీ అడగాలి.

1997 సమత తీర్పు షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు లీజులు చెల్లవంది, గిరిజన సహకార సంఘాలకు దారి ఉంచింది. రేపు గని మన సంఘం పేరు మీదున్నా సరే, గెడ్డ ఎర్రబడితే కింది ఊరోళ్లు మనల్నే నిలదీస్తారు. నిలదీయాలి కూడా.

ఈ వానాకాలం ఒక పని చేయండి. వానపడిన రోజే గనికి పైన ఒక సీసా, కింద ఒక సీసా నీళ్లు పట్టండి. తేదీ రాసి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున్నే అడుగున ఎంత మట్టి దిగిందో ఫొటో తీసి, ఆ రెండు సీసాలతోనే గ్రామసభకు రండి.