మన కంప్యూటర్ పేరు రాసేదెవరు?



రామకుప్పంలో కూర్చుని మీ కంప్యూటర్‌కి ఏ పేరైనా పెట్టుకోండి, బయటి సర్వర్లకి అది కనిపించదు. వాళ్లకి తెలిసేది ఐపీ నంబరే. 203.0.113.25 అనుకోండి. దాన్ని తిరగేసి, 25.113.0.203.ఇన్-యాడర్.ఆర్పా ఎవరని డీఎన్‌ఎస్‌ని అడుగుతారు. అక్కడి పీటీఆర్ రికార్డులో ఏముంటే అదే మీ పేరు. ఇదే రివర్స్ డీఎన్‌ఎస్.

డొమైన్ మనం కొన్నా, ఆ రికార్డు రాసేది నంబరు ఎవరి చేతిలో ఉందో వాళ్లే, అంటే ఇంటర్నెట్ కంపెనీ.

రేపు సంఘానికి సొంత మెయిల్ సర్వర్ పెడితే ఇదే అడ్డమొస్తాది. పేరు నంబరుకి, నంబరు పేరుకి సరిపోవాలని 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ షరతు. లేదంటే మన మెయిల్ స్పామ్‌లో పడతాది, లేకుంటే వెనక్కొస్తాది.

కాబట్టి మారని ఐపీ తీసుకోండి. పీటీఆర్‌లో మన పేరే రాయమని కంపెనీని అడగండి. అడక్కపోతే వాళ్లకు తోచింది రాస్తారు, లేదా ఖాళీగా వదిలేస్తారు.